గోకని మనిషి

తునికిగూడెం,
17 జూలై 2006.

మామయ్యకు,

ఉత్తరం ‘ఉభయకుశలోపరి’తో మొదలుపెట్టాలని మీరే నేర్పారు. ఈసారి రాయను. ఇక్కడ కుశలం లేదు, గజ్జి ఉంది.

మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల హాస్టల్లో నూట నలభై మంది పిల్లలు. పోయిన దీపావళి నుంచి ఇప్పటికి నాలుగుసార్లు మందు పూశాను. పూసిన వారం, రెండు వారాలు బాగుంటుంది. మూడో వారానికి మళ్లీ వేళ్ల సందుల్లో, నడుము చుట్టూ పొక్కులు. ఎండాకాలం సెలవులకు ఇళ్లకు పోయి శుభ్రంగా తిరిగొచ్చిన పిల్లలు కూడా జూలైకి గోకడం మొదలుపెట్టారు. ప్రార్థనలో చేతులు జోడించమంటే ఒక్కతీ జోడించదు, అందరి చేతులూ పనిలో ఉంటాయి.

నేను చేసేది మీ పద్ధతే. పొద్దున్నే బోరింగు దగ్గర వరస కట్టించి "దురద ఉన్నోళ్లు చెయ్యెత్తండి" అంటాను. ఎత్తినవాళ్లకు మందు. అందరికీ పూయాలంటే సీసాలు చాలవు. ఆ తెల్ల మందు పుండ్ల మీద పడితే నిప్పులా మండుతుంది, పిల్లలు ఊరు లేచిపోయేలా అరుస్తారు, నేను వాళ్ల మీద అరుస్తాను.

వార్డెన్ రోజారాణి గారికి నా మీద అనుమానం. నిన్న అందరి ముందూ అడిగేసింది. "నిజం చెప్పు సిస్టర్, మందుల నీళ్లు గలుపుతున్నవా?" ఇరవై ఏళ్లుగా సూది పట్టిన దాన్ని, నాకు ఈ మాటా! గోరుచుట్టు మీద రోకటి పోటు.

పోనీ నా మాట వదిలేయండి. పదకొండు మంది పిల్లలను తండ్రులు తీసుకుపోయారు. "చదువు లేకున్నా బతుకుతది, తోలు ఊడినంక ఏం బతుకుతది" అన్నాడు ఒకాయన. ఒకసారి ఇంటికి పోయిన పిల్ల ఇక రాదు. జనవరిలో మీ బోనకల్ చేలల్లో మిరపకాయలు ఏరుతూ కనిపిస్తుంది. నా భయం అదే.

చేదోడుగా ఉన్నది జంపక్క ఒక్కతే. మీరు ఇక్కడి డిస్పెన్సరీలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో మీకు నీళ్లు మోసిన జంపక్కే, ఇప్పుడు హాస్టల్లో ఆయా. పిల్లలకు జడలు వేయడం, దుప్పట్లు మడతపెట్టడం అంతా ఆమే. ఇంటి మీద బెంగపడిన చిన్నపిల్లలు ఆమె గొంగట్లో దూరి పడుకుంటారు. ఇంత గజ్జిలో ఉండి కూడా ఆమె ఒక్కసారి గోకదు. గట్టి ప్రాణం. మీకు దండాలు చెప్పమంది.

ఏం చేయాలో రాయండి.

మీ మేనకోడలు
ప్రమీల

---

బోనకల్,
26 జూలై 2006.

ప్రమీలా,

నీ ఉత్తరం చదివి మీ అత్తయ్య అనంతమ్మ నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

గజ్జి అంటే మురికి. మురికి అంటే బద్ధకం. ఇన్ని నెలలైనా ఇది తగ్గలేదంటే పూసిన మందులో లోపం లేదు, పూసిన చేతిలో ఉంది. మెడ నుంచి అరికాలి దాకా ఎక్కడా సందు లేకుండా పూయిస్తున్నావా? గుడ్డలు ఉడకబెట్టిస్తున్నావా? లేదు. నాకు తెలుసు. మీ తరం అంతా సీసా మూత తీయగానే వైద్యం అయిపోయిందనుకునే రకం.

రేపే కాగులు పొయ్యి మీద పెట్టించు. దుప్పట్లు, లంగాలు, తువ్వాళ్లు, రిబ్బన్లతో సహా ఉడకాలి. తర్వాత ఎండలో రెండు రోజులు వేయాలి. ముప్పై ఏళ్లు ఆ అడవిలో నేను చేసిన వైద్యం ఇదే. నేనున్నప్పుడు ఏ వార్డెనూ నన్ను అంత మాట అనలేదు.

జంపక్క ఎలా ఉంది? మోకాళ్లు బాగానే ఆడుతున్నాయా? నడుస్తోందిగా? రాయి.

మీ అత్తయ్య నీకు ఆవకాయ పంపుతానంటోంది. ఆ చేతులతో తినకు, కడుక్కో.

బసవపున్నయ్య

---

తునికిగూడెం,
21 ఆగస్టు 2006.

మామయ్యకు,

మీ ఆజ్ఞ ప్రకారం అన్నీ ఉడకబెట్టాను. వానాకాలంలో నూట ముప్పై దుప్పట్లు ఎండలో ఎలా వేయాలో కూడా ఆ ఉత్తరంలోనే రాసి ఉంటే బాగుండేది. గోదావరి పొంగి పది రోజులు బస్సే లేదు. దుప్పట్లు తరగతి గదుల్లో తాళ్ల మీద వేలాడుతున్నాయి, పిల్లలు వాటి కింద కూర్చుని ఎక్కాలు చదువుతున్నారు. గదులన్నీ ముక్కిన వాసన. పదకొండు మంది కాస్తా ఇరవై మూడయ్యారు, అంటే వెళ్లిపోయినవాళ్లు. గజ్జి మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇది చాలదన్నట్టు హైదరాబాదు నుంచి ఒక పరిశోధన డాక్టరు దిగాడు. కిషోర్ అని ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మందులేమైనా తెచ్చాడేమోనని ఎదురెళ్లాను. డబ్బా నిండా ఖాళీ గాజు గొట్టాలు! గజ్జి ఉన్న పిల్లల రక్తం కావాలట. నాకు కడుపు మండిపోయింది. "సార్, ఇక్కడ చర్మం కాలిపోతోంది, మీరు రక్తం అడుగుతున్నారు" అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాడు. గజ్జి పురుగు చర్మం కింద సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది, ఇది మనకు తెలిసిందే. కానీ దురద పుట్టించేది తవ్వడం కాదట. మన రక్తం ఆ పురుగును పసిగట్టి దాని మీదికి లేస్తుందే, ఆ పెనుగులాటే దురదట. మొదటిసారి పట్టిన పిల్లకు ఆ పసిగట్టడానికే నెల పడుతుందట. ఆ నెలంతా పురుగు ఉంటుంది, దురద ఉండదు, చెయ్యెత్తమంటే పిల్ల ఎత్తదు. రెండోసారి పడితే ఒక్కరోజులోనే దురద మొదలవుతుందట. ఎవరి ఒళ్లు ఎలా తిరగబడుతుందో రక్తంలో చూడాలని ఆయన చదువు.

 ఇన్నాళ్లూ చెయ్యెత్తినవాళ్లకే పూశాను కదా!

రక్తం అనగానే ఊళ్లో గోల. "మా పిల్లల నెత్తురు పట్నంల అమ్ముకుంటరు" అని గేటు దగ్గర నిలబడ్డారు. అప్పుడు జంపక్కే ముందుకొచ్చి చెయ్యి చాపింది. "ముందుగాల నాది తీయుండ్రి. నేను సస్తె గప్పుడు మాట్లాడుండ్రి" అంది. డాక్టరు సంబరపడిపోయాడు. గోకని మనిషి రక్తం కూడా కావాలట, గోకేవాళ్లతో పోల్చడానికి. ఆమెను చూసి మిగతావాళ్లూ ఇచ్చారు. గొట్టాలు నింపుకుని పోయాడు. మళ్లీ వస్తానన్నాడు, వచ్చినప్పుడు చూద్దాం.

జంపక్క మోకాళ్ల గురించి అడిగారు. బ్రహ్మాండంగా ఉన్నాయి. ఈమధ్య ఒళ్లు కూడా చేసింది, మొహం గుండ్రంగా నిండుగా ఉంది.

ప్రమీల

---

బోనకల్,
2 సెప్టెంబరు 2006.

ప్రమీలా,

దురద మన రక్తం చేసే పని అన్నాడా ఆ కుర్ర డాక్టరు? అయితే దోమ కుట్టినా తప్పు మనదేనన్నమాట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నువ్వు నోరు తెరుచుకుని విన్నావు, ఆయన చెప్పాడు. పురుగు ఉంటే దురద ఉంటుంది, దురద లేకపోతే పురుగు లేదు. ఇది చదువు రానివాడికి కూడా తెలుసు.

దుప్పట్ల సంగతి నన్ను ఎత్తిపొడవనక్కర్లేదు. పొయ్యి గదిలో దండెం కట్టించి ఆరబెట్టి ఉండాల్సింది. అన్నీ నేనే చెప్పాలా?

జంపక్క రక్తం ఎందుకివ్వనిచ్చావు? ఎన్ని గొట్టాలు తీశాడు? ఆ రక్తంలో గజ్జి సంగతి ఒక్కటే చూస్తారా, ఇంకేమైనా కూడా చూస్తారా? కనుక్కుని రాయి. ఆమె కష్టం చేసుకునే మనిషి, ఇలాంటివాటిలోకి ఆమెను లాగకు.

బసవపున్నయ్య

---

తునికిగూడెం,
20 సెప్టెంబరు 2006.

మామయ్యకు,

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని నా మీద మీరు నవ్వినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొన్న సోమవారం డాక్టర్ కిషోర్ జీపులో దిగడం దిగడమే "ఆయా ఎక్కడ?" అన్నాడు. గోకని మనిషి అని పోలికకు తీసుకున్న రక్తం ఉంది చూశారూ, అందులో గజ్జి పురుగు తాలూకు గుర్తులు నూరు పైచిలుకు పిల్లలందరిలో కంటే ఎక్కువ ఉన్నాయట. "పురుగును చూడని రక్తం ఇట్లా ఉండదు మేడమ్. ఆమె ఒళ్లు దాన్ని బాగా ఎరుగును. ఎరిగీ ఏమీ చేయలేకపోతోంది" అన్నాడు.

జంపక్క పొయ్యి గదిలో గిన్నెలు తోముతోంది. చేతులు చూపించమంటే నవ్వింది. "నాకేంది సారూ రోగం? నేను గోకుతున్ననా? ఇవి బూడిదతోని గిన్నెలు తోమిన చేతులు, గిట్లనే ఉంటయ్" అంది. నేనూ ఇన్నాళ్లూ అదే అనుకున్నాను. వేళ్ల కణుపుల మీద, మోచేతుల దగ్గర, మడమల మీద చర్మం మందంగా, బూడిదరంగుగా పెచ్చులు కట్టి ఉంటుంది. పనిచేసే చేతులని గౌరవంగా చూసేదాన్ని. డాక్టరు మోచేతి మీది పొట్టు కొంచెం గీకి గాజుపలక మీద పెట్టి, తాను తెచ్చిన మైక్రోస్కోపులో నన్ను చూడమన్నాడు.

మామయ్యా, దురదతో చచ్చిపోతున్న పిల్ల ఒంటి మొత్తం మీద పది, పన్నెండు పురుగులుంటాయట. ఆ చిటికెడు పొట్టులో లెక్కపెట్టలేకపోయాను. గోకేవాళ్ల ఒళ్లు పోరాడి పురుగును అదుపులో పెడుతుంది. ఈమె ఒళ్లు పోరాటం మానేసింది, అవి వేలకు వేలు పెరిగాయి. ఆ చేతులే జడలు వేశాయి, ఆ గొంగడే పిల్లలకు కప్పింది. నేను నాలుగుసార్లు పిల్లలకు మందు పూసింది కూడా ఆమె సాయంతోనే, ఆమెకు పూయకుండానే.

విషయం చెప్పగానే జంపక్క తోముతున్న గిన్నెను దూరంగా నెట్టేసింది. "నేను సాదుకున్న పిల్లలకు నేనే అంటిచ్చిన్నా?" అని ఒకటే మాట. రోజారాణి గారు ఆమెను ఆ క్షణమే ఇంటికి పంపేయమన్నారు. నేనూ డాక్టరూ బతిమాలి కొట్టు గదిలో విడిగా ఉంచాం. పిల్లలకు వార్డెనే చెప్పేసింది. "రోగం తెచ్చింది గామెనే, దగ్గరికి పోవద్దు." రెండో తరగతి పిల్లలు, రోజూ ఆమె గొంగట్లో పడుకున్నవాళ్లే, కిటికీలోంచి ఆమెను చూసి పారిపోతున్నారు. ఆ పిల్లలను చూసి నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది.

ఒళ్లు ఇలా ఊరికే చేతులెత్తేయదని, కారణం ఉండాలని డాక్టరు అంటున్నాడు. షుగరు లేదు. మిగతా పరీక్షల్లోనూ ఏమీ లేదు. ఏవైనా మాత్రలు చాలాకాలంగా మింగుతోందా అని అడిగాడు. ఆమె "నేనేం గోలీలు మింగలే" అని మొహం తిప్పుకుంది.

ఆమెను ముప్పై ఏళ్లుగా ఎరిగినవాళ్లు మీరు. ఏ జబ్బుకైనా మందులిచ్చారా? గుర్తు చేసుకుని వెంటనే రాయండి.

ప్రమీల

---

బోనకల్,
29 సెప్టెంబరు 2006.

ప్రమీలా,

నా హయాంలో రోజుకు వంద మందికి మందులిచ్చాను. ఎవరికి ఏ గోలీ ఇచ్చానో ఇప్పుడు ఎక్కడ గుర్తుంటుంది? రిటైరై అయిదేళ్లయింది. సైకిళ్ల మీద సంచీలు తగిలించుకుని తిరిగే ఆర్.ఎం.పి.లు మీ దగ్గర బోలెడుమంది ఉన్నారు, వాళ్లనడుగు. ఒళ్లు నొప్పులకు వాళ్లు ఏవేవో ఇస్తారు. నన్నడుగుతావేం?

మీ అత్తయ్య పక్కనే నిలబడి నేను రాసేది చూస్తోంది. ఉంటాను.

బసవపున్నయ్య

---

భద్రాచలం,
9 అక్టోబరు 2006.

మామయ్యకు,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఖమ్మం బస్సుకు వెళ్లే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. చదివి పక్కన పడేయకండి.

మూడో తారీఖున కొట్టు గది సర్దుతుంటే జంపక్క మూటలో ఒక రేకు డబ్బా దొరికింది. నిండా చిన్న తెల్ల మాత్రలు. "గోలీలు మింగలేదన్నావు కదనే!" అని నిలదీశాను.  ఎవరిచ్చారంటే చెప్పదు. నా కోపం మీకు తెలుసుగా, మీ రక్తమేగా. డబ్బా ఆమె చేతిలోంచి లాక్కుని మాత్రలన్నీ దొడ్లో పారబోశాను. ఒక మాట డాక్టరును అడిగి ఉండాల్సింది, అడగలేదు.

మూడు రోజులకు జంపక్క బోరింగు దగ్గర పడిపోయింది. వాంతులు, ఒళ్లంతా చల్లబడిపోయింది, నాడి అందలేదు. జీపులో నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. లక్షణాలను బట్టి అవి స్టెరాయిడ్ మాత్రలట, నొప్పితో పాటు పురుగు మీద ఒళ్లు చేసే పోరాటాన్నీ అణిచేస్తాయట. ఏళ్ల తరబడి మింగినవాళ్లకు హఠాత్తుగా ఆపకూడదట. సొంతంగా ఊరవలసింది ఒంట్లో ఊరడం మానేస్తుందట, మాత్ర లేకపోతే మనిషి నిలబడదు. ఇక్కడి డాక్టరు సూది మందు వేస్తే కళ్లు తెరిచింది. కిషోర్ కూడా వచ్చాడు. ఇద్దరూ ఒకటే అడుగుతున్నారు. ఏ మాత్ర, ఎంత మోతాదు? ఎన్నేళ్లుగా? అది తెలిస్తేనే ఎంత ఇవ్వాలో, ఎంత నెమ్మదిగా తగ్గించాలో తెలుస్తుంది. జంపక్క చెప్పదు. "ముత్యాలమ్మ మీద ఒట్టేసిన" అని అటు తిరిగి పడుకుంది.

ఖాళీ డబ్బా నా దగ్గరే ఉంది. మూతకు లోపలి వైపు కాగితం అంటించి ఉంది. ‘పొద్దున రెండు, రాత్రి రెండు, అన్నం తిన్నాక.’

మామయ్యా, నాకు అక్షరాలు దిద్దించింది మీరు. ఆ రాత గుర్తుపట్టడానికి నాకు మైక్రోస్కోపు అక్కర్లేదు.

మాత్రలిచ్చిన ఆర్.ఎం.పి.ల మాట నేను ఎత్తలేదు, మీరే ఎత్తారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారు. నిన్న బూత్ నుంచి మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ అత్తయ్య "ఇంట్లో లేరమ్మా" అంది. వెనకాల మీ దగ్గు వినిపించింది. అత్తయ్యతో అబద్ధం ఆడించడానికి సిగ్గనిపించలేదా?

నేను చేసిన తప్పు నేను డాక్టర్ల ముందు ఒప్పుకున్నాను. మీరు చేసింది ఏమిటో రాయండి. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి. నా మీద కోపం ఉంటే తర్వాత తిట్టండి.

ప్రమీల

---

బోనకల్,
10 అక్టోబరు 2006.

ప్రమీలా,

డెక్సామెథసోన్, అర మిల్లీగ్రాము. రోజుకు నాలుగు. 2000 సంవత్సరం ఏప్రిల్ నుంచి, అంటే ఆరున్నరేళ్లు. ఎప్పుడైనా నొప్పి ఎక్కువైతే ఇంకో రెండు మింగమని కూడా చెప్పాను. ఇదే వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టి లోపల ఉంచాను, అది డాక్టరుకివ్వు. ముందు అది ఇచ్చి వచ్చి మిగతాది చదువు.

ఆ ఏడాది ఆమె మోకాళ్లు, మణికట్లు వాచిపోయాయి. అన్నం గిన్నె ఎత్తలేకపోయేది. అప్పటికే ఆమె మీ హాస్టల్లో ఆయా, అప్పటి వార్డెను నెలాఖరుకు పనిలోంచి తీసేస్తానంది. భద్రాచలం తీసుకెళ్తే చూసి, వరంగల్ పొమ్మన్నారు. ఆమె ఎక్కడ పోతుంది? మొగుడు లేడు, పొలం లేదు. పది రోజులకని ఈ మాత్రలిచ్చాను. మూడో రోజు పొద్దున నా ముందుకు వచ్చి రెండు బిందెలు ఎత్తి చూపించింది. "సారూ, దేవుని లెక్కనే కాపాడినవ్" అంది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ మాట నన్ను ఎవరూ అనలేదు, ప్రమీలా. డాక్టర్లను అంటారు. కాంపౌండరును ఎవరంటారు?

పదకొండో రోజు ఆపితే మళ్లీ మంచం పట్టింది. మళ్లీ ఇచ్చాను. అప్పుడే తెలిసింది ఇది ఆపేది కాదని. రిటైరయ్యాక కూడా ముక్కోటికి ఒకసారి, శ్రీరామనవమికి ఒకసారి భద్రాచలం వచ్చి ఆరు నెలలకు సరిపడా ఇచ్చేవాణ్ణి. మీ అందరికీ భక్తి అని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆమె మొహం మాత్రల వాపుతో నిండుతుంటే, ఆరోగ్యం అనుకుని మురిసిపోయాను.

ఆగస్టులో ఆమె రక్తం తీశారని నువ్వు రాసినప్పుడే నాకు భయం పట్టుకుంది. సెప్టెంబరులో నువ్వు సూటిగా అడిగినప్పుడు రాసి ఉంటే నువ్వు డబ్బా పారబోసేదానివి కాదు. ఆమె బోరింగు దగ్గర పడేది కాదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఫోను మోగినప్పుడు పక్కనే ఉన్నాను, దగ్గు ఆపుకోలేకపోయాను. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు.

నిన్ను బద్ధకస్తురాలివన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కుర్ర డాక్టరును ఎగతాళి చేశాను, అదీ వెనక్కి తీసుకుంటున్నాను.

జంపక్కకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నువ్వు ఏది సరైనదనుకుంటే అది చెప్పు. రమ్మంటే వస్తాను, వద్దంటే రాను.

బసవపున్నయ్య

---

తునికిగూడెం,
3 డిసెంబరు 2006.

మామయ్యకు,

ఇన్ని రోజులు జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు, పని ఎక్కువైందని అబద్ధం చెప్పను.

మీ కాగితం డాక్టరుకిచ్చాను. దాన్ని బట్టే లెక్క వేసి, మాత్ర కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. పూర్తిగా మానడానికి ఇంకా నెలలు పడుతుందట. కీళ్లకు వేరే మందు మొదలుపెట్టారు. నొప్పి ఉంది, కానీ నడుస్తోంది. పురుగులకు కిషోర్ హైదరాబాదు నుంచి మింగే మాత్రలు తెప్పించాడు. చేతుల మీది పెచ్చులన్నీ రాలిపోయాయి. పోయిన వారం మళ్లీ గీకి మైక్రోస్కోపు కింద పెడితే ఏమీ లేవు. నేనే చూశాను.

హాస్టల్లో ఈసారి ఎవరినీ చెయ్యెత్తమనలేదు. ఒకే రోజు పిల్లలకు, వంటవాళ్లకు, వాచ్‌మన్‌కు, టీచర్లకు అందరికీ పూశాం, వారానికి మళ్లీ పూశాం. రోజారాణి గారు "నాకు గజ్జా? నాకా?" అని ఎగిరిపడ్డారు. గది తలుపు వేసి నేనే పూశాను. మండితే ఆవిడ కూడా పిల్లల్లాగే అరిచింది, నాకు చాలా సంతృప్తిగా అనిపించింది. ఏడు వారాలైంది, కొత్త పొక్కు ఒక్కటి లేదు. వెళ్లిపోయిన ముప్పై ఒక్క మందిలో పద్దెనిమిది మంది తిరిగొచ్చారు. మిగతా పదమూడు మంది పేర్లు వెనక రాశాను, మిరప చేలల్లో కనిపిస్తే పట్టుకుని బస్సెక్కించడం మీ పని.

ఇక జంపక్క సంగతి. ఏది సరైనదనుకుంటే అది చెప్పమన్నారు. మీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను.  అంతా విని అంది. "గా గోలీలు లేకుంటె ఆరేండ్ల కిందనే మూలకు పడుదును. గది నేను మరువ. గని సారుకు తెల్వదా? తెల్వకుంటె ఇంకో డాక్టరును అడుగొద్దా? నన్ను ఒట్టేయించుడెందుకు?"  దీనికి జవాబు మీరే చెప్పుకోవాలి.

మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కానీ చిన్నపిల్లలు ఇప్పటికీ ఆమె దగ్గరికి రారు. తగ్గిందని నేను ఎంత చెప్పినా, జడ వేయించుకోవడానికి వంటమనిషి దగ్గరికి పోతున్నారు. దువ్వెన పట్టుకుని అరుగు మీద ఒక్కతే కూర్చుంటుంది. గజ్జి కంటే, పడిపోవడం కంటే ఆమెను ఇదే కుంగదీసింది.

అట్లా ఉండగా నిన్న పొద్దున పెద్ద గోల. "ఓ సిస్టరమ్మా, జల్దీ రా!" అని కేకలు. పరుగెత్తి వెళ్తే, జంపక్క గుంజకు వీపు ఆనించి పైకీ కిందికీ రుద్దుకుంటోంది. చేతులు గోకుతోంది, మోచేతులు గోకుతోంది, బూతులు తిడుతోంది. ఏడాది పైగా పిల్లలకు ఉన్న దురద ఆమెకు ఇప్పుడు వచ్చింది! చచ్చిన పురుగుల పొట్టు ఇంకా చర్మంలో ఉంటుందట, మాత్ర తగ్గేసరికి ఆమె ఒళ్లు దాన్ని పసిగట్టి మీదికి లేచింది. డాక్టర్ కిషోర్ అక్కడే ఉన్నాడు. చప్పట్లు కొట్టినంత పని చేశాడు. నేను ఏడ్చేశాను.

ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "నేను దురదతోని సస్తుంటె గీయనేందమ్మా నవ్వుతుండు, నువ్వేంది ఏడుస్తున్నవ్? కాయితం తీయి, కాంపౌండరు సారుకు రాయి" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఒక్క మాట మార్చలేదు.

"సారూ, గీడికి రా. మా పిల్లలందర్ని కూసోబెడత. ఆళ్ల ముందట నిలబడి చెప్పు, గోలీలు నువ్వే ఇచ్చినవని, జంపక్క తెలిసి ఎవ్వలకు అంటియ్యలేదని. సిస్టరమ్మ చెప్తె ఇంటలేరు, ఇచ్చినోనివి నువ్వు చెప్తె ఇంటరు. చెప్పినంక నా ఈపు గోకు. శెయ్యి అందుతలేదు."

ఖమ్మంలో పొద్దున ఆరింటికి బస్సు ఉంది.

ప్రమీల